సిగ్‌చైల్డ్ వచ్చింది, షెల్ లేవలేదు: వేకువ 2:50కి మా చెరువు దగ్గర జరిగింది

లంకకుర్రోడు · ముమ్మిడివరం · ఆదివారం ఉదయం 7:12

అందరికీ నమస్కారం అండి. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి.

బీటెక్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకని సీ భాషలో ఒక చిన్న షెల్ (టైపు చేసిన కమాండ్లని నడిపే ప్రోగ్రాం) రాశాను. పైపులు, బ్యాక్‌గ్రౌండ్ జాబులు (షెల్ ఆగకుండా వెనక నడిచే పనులు), కంట్రోల్-సీ, కంట్రోల్-జెడ్ అన్నీ పనిచేస్తాయి. మార్కులు పడ్డాక దాన్ని మూల పడెయ్యబుద్ధి కాలేదు. మా బాబాయికి నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువుంది. గట్టు మీద షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టి, దాని మీద నా షెల్‌తోనే ఒక స్క్రిప్టు నడుపుతున్నాను. నిమిషానికోసారి డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) మీటర్ చదివే ప్రోగ్రాంని పిలుస్తుంది. నీళ్ళలో ఆక్సిజన్ 4 పీపీఎం కిందకి దిగినా, మీటర్ పలక్కపోయినా బాబాయి ఫోన్ మోగుతుంది. రెండు నెలలు బాగానే నడిచింది.

శుక్రవారం రాత్రి గాలీ వానా. 2:50 తరవాత లాగు ఫైల్లో ఒక్క వరస లేదు. రాస్ప్‌బెర్రీ పై నడుస్తూనే ఉంది, షెల్ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఈలోగా రెండు ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ట్రిప్పయ్యాయి. ఫోన్ మోగలేదు. కాపలా తాత నాలుగింటికి లేచి టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు వారన పైకొచ్చి తేలుతున్నాయట. ఆయన పరుగెత్తి స్టార్టర్లు వేశాడు కాబట్టి చాలావరకు దక్కింది. కొంత పోయింది. బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

నా కోడ్ ఇలా ఉంటుంది. షెల్ పుట్టించిన ప్రాసెస్ (పిల్ల) చనిపోతే కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, షెల్‌కి సిగ్‌చైల్డ్ అనే సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షన్ హ్యాండ్లర్. అందులో, చనిపోయిన పిల్లని ఏరుకునే వెయిట్‌పిడ్ పిలుస్తాను. వచ్చిన పిడ్‌ని (ప్రాసెస్ నంబరుని) జాబుల లిస్టులో వెతుకుతాను. బ్యాక్‌గ్రౌండ్ జాబైతే ప్రింట్‌ఎఫ్‌తో తెర మీద ఒక వరస రాసి, లిస్టులో దాని నోడ్‌ని ఫ్రీ చేస్తాను (ఆ మెమరీ తిరిగిచ్చేస్తాను). ఫోర్‌గ్రౌండ్ జాబైతే (షెల్ ఆగి ఎదురుచూసేదైతే) దాని స్థితిని "అయిపోయింది" అని మారుస్తాను. మెయిన్‌లో, స్థితి "నడుస్తోంది" అని ఉన్నంతసేపూ పాజ్ (సిగ్నల్ వచ్చేదాకా నిద్ర) పిలుస్తూ ఉంటాను.

ఆ ప్రాసెస్‌ని చంపలేదు, ఉన్నదున్నట్టు ఉంచాను. ఏం చూడమంటారు?

కాకినాడ_పోర్ట్ · ఆదివారం ఉదయం 8:05

తమ్ముడూ, హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్, ఫ్రీ అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను నేను.

సిగ్నల్ అనేది నీ కోడ్‌లో ఏ రెండు మెషిన్ ఇన్‌స్ట్రక్షన్ల మధ్యనైనా వచ్చి పడుతుంది. మెయిన్ అప్పటికి మాలక్ (మెమరీ ఇచ్చే ఫంక్షన్) లోపల ఖాళీ ముక్కల లిస్టుని సగం తెంపి సగం అతికించే పనిలో ఉందనుకో. ఆ క్షణంలో హ్యాండ్లర్ లేచి అదే లిస్టు మీద ఫ్రీ పిలుస్తుంది. ఇద్దరు వడ్రంగులు ఒకే దూలాన్ని చెరో వైపు కోసినట్టు ఉంటుంది. కూలేది అప్పుడే కాదు, ఇంకో గంటకి, ఇంకెక్కడో కూలుతుంది. అందుకే యూనిక్స్ తరహా సిస్టంలకి ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణం హ్యాండ్లర్‌లో పిలవదగ్గ ఫంక్షన్ల పట్టిక ఇచ్చింది. రైట్ ఉంది, వెయిట్‌పిడ్ ఉంది, సిగ్నల్ పంపే కిల్ ఉంది, సిగ్నళ్ళని ఆపి ఉంచే సిగ్‌ప్రాక్‌మాస్క్ ఉంది. ప్రింట్‌ఎఫ్, మాలక్, ఫ్రీ, సిస్టం లాగు రాసే సిస్‌లాగ్ లేవు.

ఇది పరీక్షల కోసం చదివి వదిలేసే సంగతి కాదు. 2024 జులైలో, దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో పెద్ద లోపం బయటపడింది. లాగిన్‌కి ఇచ్చిన గడువు, మామూలుగా 120 సెకన్లు, దాటితే సిగలారం అనే సిగ్నల్ వస్తుంది. ఆ హ్యాండ్లర్ సిస్‌లాగ్ పిలుస్తుంది, సిస్‌లాగ్ లోపల మాలక్ ఉంటుంది. దాన్ని పట్టుకుని బయటివాడు పాస్‌వర్డ్ లేకుండా రూట్‌గా (సర్వాధికారాలతో) లోపలికి రావొచ్చని తేలింది. 2006లో ఒకసారి సరిచేసిన తప్పే, 2021లో వచ్చిన 8.5 వెర్షన్‌లో మళ్ళీ దూరింది. 9.8లో మూశారు. కొమ్ములు తిరిగినవాళ్ళ కోడ్‌లోనే అలా జరిగితే మన సంగతి ఆలోచించు.

ధవళేశ్వరం_లాకు · ఆదివారం ఉదయం 8:40

పోర్ట్ గారు చెప్పింది అక్షరాలా నిజం. అయినా ఆ రాత్రి షెల్ ఆగడానికి అదే కారణమని ఇప్పుడే తీర్పు చెప్పొద్దండి. ఆ అబ్బాయి ప్రాసెస్‌ని బతికుంచాడు. అది బంగారం. ముందు దాన్నే అడుగుదాం.

ఈ పద్ధతిలో రాసిన షెల్ నిద్రపోయి లేవకపోవడానికి నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మూడూ మూడు రకాల ఆనవాళ్ళు వదిలిపెడతాయి.

ఒకటి: ఇద్దరు పిల్లలు దగ్గరదగ్గరగా చనిపోయి ఉంటే సిగ్‌చైల్డ్ ఒక్కసారే వచ్చి ఉండొచ్చు. మామూలు సిగ్నళ్ళు వరస కట్టవు. పెండింగ్‌లో ఒకటి ఉండగా అదే రకంది మళ్ళీ వస్తే రెండూ ఒకటే. మన ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది నీళ్ళొచ్చాయని చెబుతుంది గాని ఎన్ని ఊళ్ళలోకి వచ్చాయో చెప్పదు, పోయి చూసుకోవాల్సింది మనమే. నీ హ్యాండ్లర్ వెయిట్‌పిడ్‌ని ఒక్కసారే పిలిస్తే రెండో పిల్ల జాంబీగా (చనిపోయినా ఎవరూ ఏరుకోని ప్రాసెస్‌గా) మిగిలిపోతుంది. ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కొట్టి "డిఫంక్ట్" అన్న మాట కనిపిస్తుందేమో చూడు.

రెండు: స్థితి చూడ్డానికీ పాజ్ పిలవడానికీ మధ్య సన్నటి సందుంది. సిగ్నల్ సరిగ్గా ఆ సందులో వస్తే హ్యాండ్లర్ "అయిపోయింది" అని రాసేసి వెళ్ళిపోతుంది. ఆ తరవాత మెయిన్ పాజ్‌లోకి వెళ్తుంది. ఇక లేపేవాళ్ళుండరు. అలా జరిగుంటే ప్రోగ్రాం లోపల ఏముందో చూపే జీడీబీలో చూసినప్పుడు జాబు స్థితి "అయిపోయింది" అనే ఉంటుంది.

మూడు: ఫోర్క్ (పిల్లని పుట్టించడం) అయ్యాక, పేరెంట్, అంటే షెల్, ఆ పిడ్‌ని లిస్టులో చేర్చేలోపే పిల్ల చనిపోవడం. అప్పుడు హ్యాండ్లర్ వెతుకుతుంది, దొరకదు, ఊరుకుంటుంది. తరవాత పేరెంట్ తాపీగా "నడుస్తోంది" అని చేర్చి, ఎప్పుడో పోయిన పిల్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అలా అయితే స్థితి "నడుస్తోంది" అనే ఉంటుంది, ఆ పిడ్‌తో ప్రాసెస్ ఉండదు, జాంబీ కూడా ఉండదు.

జీడీబీ అతికించి ఏ ఫంక్షన్‌లో ఉందో, ఆ జాబు నోడ్‌లో ఏముందో చూసి రాయి నాన్నా. తొందరేం లేదు.

లంకకుర్రోడు · ఆదివారం ఉదయం 10:26

చూశానండి. చేతులు వణుకుతున్నాయి.

స్టాక్‌లో (ఏ ఫంక్షన్ని ఏది పిలిచిందో చూపే వరసలో) పైన పాజ్ ఉంది, దాని కింద ఫోర్‌గ్రౌండ్ జాబు కోసం ఆగే నా ఫంక్షన్, దాని కింద మెయిన్. మాలక్ ఎక్కడా లేదు. లిస్టులో ఒకే నోడ్. స్థితి "నడుస్తోంది". పిడ్ 21874. పీఎస్‌లో 21874 లేదు. డిఫంక్ట్ ఒక్కటీ లేదు.

మీ మూడోదేనండి.

కానీ ఒక్కటి అర్థం కావట్లేదు. మీటర్ చదివే ప్రోగ్రాంకి అర సెకను పైనే పడుతుంది. పేరెంట్ నోడ్ చేర్చడానికి మైక్రోసెకన్లు చాలు. రెండు నెలల్లో ఒక్కసారి కూడా పిల్ల ముందు చావలేదు. ఆ రాత్రే ఎందుకు?

ధవళేశ్వరం_లాకు · ఆదివారం ఉదయం 10:41

ఆ రాత్రి మీటర్ తీగ ఊడిందేమో చూశావా? మీటర్ తగిలించిన పోర్టు తెరుచుకోకపోతే నీ ప్రోగ్రాం ఎంతసేపు బతుకుతుంది?

లంకకుర్రోడు · ఆదివారం ఉదయం 11:58

షెడ్డుకి వెళ్ళొచ్చానండి. గాలికి రేకు ఊగి యూఎస్‌బీ తీగని లాగేసింది, సగం బయటికొచ్చి ఉంది. పోర్టు దొరక్కపోతే నా ప్రోగ్రాం మొదటి వరసలోనే ఎర్రర్‌తో ఎగ్జిట్ అవుతుంది. అర సెకను బతికేది రెప్పపాటు కూడా బతకలేదన్నమాట. రాస్ప్‌బెర్రీ పైలో నాలుగు కోర్లున్నాయి, కాబట్టి పిల్ల పక్క కోర్‌లో నడిచి, పేరెంట్ ఇంకా కమాండ్ పేరుని కాపీ చేసుకుంటుండగానే పోయింది.

మీటర్ పాడైతే ఫోన్ మోగాలని రాసుకున్నాను. మీటర్ పాడైనప్పుడే షెల్ నిద్రపోయేట్టు రాశాను.

భీమవరం_గట్టు · ఆదివారం మధ్యాహ్నం 1:15

బాబూ, నేను కోడ్ రాసేవాణ్ణి కాదు, ఇరవయ్యేళ్ళుగా చెరువులు చేస్తున్నాను. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే చదివాను. నువ్వు కుంగిపోవద్దు. డీవో తెల్లవారుజామున అట్టడుగుకి దిగుతుంది. పగలు నాచు ఇచ్చిన ఆక్సిజన్ని రాత్రంతా రొయ్యా, నాచూ, అడుగు బురదా కలిసి వాడేసుకుంటాయి కాబట్టి మూడు నుంచి ఐదు దాకా గండం. మబ్బు పట్టి వాన కురిసిన రోజు ఇంకా గండం. ఆ రెండు గంటలూ మనిషి గట్టు మీద ఉండాల్సిందే, ఎంత మిషను పెట్టినా. మీ తాత లేచాడు, అది మీ అదృష్టం.

నీ మిషను కూడా ఉండాలి. ఆ తప్పు సరిచేసి మళ్ళీ పెట్టు. ఇంకో మాట, ఏరేటర్ ఆగితే ఏరేటర్ దగ్గరే బెల్లు మోగేట్టు వేరే రిలే ఒకటి పెట్టించుకోండి. అన్నీ ఒక్క కంప్యూటర్ మీద ఆనించొద్దు.

ధవళేశ్వరం_లాకు · ఆదివారం సాయంత్రం 6:30

గట్టు గారి మాట మొదట ఆచరించు. ఇక కోడ్ సంగతి.

వెంటనే చేయగలిగే మరమ్మతు ఇది. ఫోర్క్‌కి ముందే సిగ్‌ప్రాక్‌మాస్క్‌తో సిగ్‌చైల్డ్‌ని ఆపు. ఫోర్క్ చెయ్యి, నోడ్ చేర్చు, అప్పుడు వదులు. మధ్యలో పిల్ల పోయినా సిగ్నల్ గుమ్మం బయట నిలబడి ఉంటుంది, నువ్వు తలుపు తీశాకే లోపలికొస్తుంది. పాజ్ స్థానంలో సిగ్‌సస్పెండ్ వాడు. సిగ్‌చైల్డ్ ఆపి ఉంచిన స్థితిలోనే జాబుని చూడు, ఇంకా నడుస్తుంటే సిగ్‌సస్పెండ్ పిలువు. అది మాస్క్ (ఆపి ఉంచిన సిగ్నళ్ళ పట్టిక) మార్చడం, నిద్రపోవడం రెండూ విడదీయరాని ఒకే పనిగా చేస్తుంది, కాబట్టి రెండో సందు కూడా మూసుకుంటుంది. హ్యాండ్లర్‌లో వెయిట్‌పిడ్‌ని డబ్ల్యూనోహ్యాంగ్‌తో (ఆగి ఎదురుచూడొద్దనే జెండాతో), ఇక ఎవరూ లేరనేదాకా లూపులో పిలువు. లోపలికి రాగానే ఎర్నోని (ఆఖరి ఎర్రర్ అంకెని) దాచి, బయటికెళ్ళేముందు తిరిగి పెట్టు. లేకపోతే మెయిన్‌లో రీడ్ విఫలమై ఎర్నో చూసే లోపల హ్యాండ్లర్ దాన్ని మార్చేస్తుంది, నువ్వు లేని ఎర్రర్ వెనక పరుగెడతావు.

కాకినాడ_పోర్ట్ · ఆదివారం సాయంత్రం 7:10

లాకు గారూ, అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఫ్రీ, ప్రింట్‌ఎఫ్ హ్యాండ్లర్‌లో అలాగే ఉంచితే అబ్బాయి మాలక్ పిలిచిన ప్రతిచోటా, లిస్టు ముట్టుకున్న ప్రతిచోటా సిగ్‌ప్రాక్‌మాస్క్ పెట్టాలి. ఆపడానికొకటి, వదలడానికొకటి, రెండేసి సిస్టం కాల్స్ (కెర్నెల్‌ని అడిగే పిలుపులు). షెల్ అంటే అడుగడుగునా చిన్నచిన్న స్ట్రింగులు పుట్టించి చంపే ప్రోగ్రాం. ఆ పిలుపుల్ని చూపే ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే అసలు పని మాస్కుల మధ్య ఎక్కడో నలిగి కనిపిస్తుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న యంత్రం మీద ఇది మంచిది కాదు. పైగా ఒక్కచోట మర్చిపోతే మళ్ళీ మొదటికొస్తాం.

డ్యాష్ అనే షెల్ ఎలా చేస్తుందో చూడమంటాను. అందులో సప్రెస్‌ఇంట్ అనే మామూలు లెక్క ఒకటి ఉంటుంది. చెదరకూడని పని మొదలుపెట్టేముందు ఇంటాఫ్ అని దాన్ని ఒకటి పెంచుతారు, అయ్యాక ఇంటాన్ అని ఒకటి తగ్గిస్తారు. కెర్నెల్ గడప తొక్కక్కర్లేదు, మెమరీలో ఒక అంకె మారుతుంది, అంతే. ఆ లెక్క సున్నా కానప్పుడు కంట్రోల్-సీ పడితే హ్యాండ్లర్ ఇంట్‌పెండింగ్ అనే గుర్తు పెట్టి వెళ్ళిపోతుంది. లెక్క మళ్ళీ సున్నాకి రాగానే, గుర్తుందేమో చూసి అప్పుడు ఆ సంగతి తేలుస్తారు. ట్రాప్‌ల (ఫలానా సిగ్నల్ వస్తే నడపమని స్క్రిప్టు చెప్పిన కమాండ్ల) కోసమైతే ఏ సిగ్నల్ వచ్చిందో ఒక పట్టికలో రాసి, "ఏదో వచ్చింది" అని చెప్పే ఒక్క గుర్తు వేరే పెట్టారు. ప్రతి కమాండ్ తరవాత పట్టికంతా తిరగెయ్యరు. ఆ ఒక్క గుర్తు సున్నాగా ఉంటే దాటిపోతారు. నూటికి తొంభైతొమ్మిదిసార్లు ఏమీ రాని చోట ఖర్చు దాదాపు లేనట్టే.

ధవళేశ్వరం_లాకు · ఆదివారం రాత్రి 9:20

పోర్ట్ గారూ, నేను చెప్పింది మరమ్మతు మాత్రమే. మీరు చెప్పింది కట్టడం. దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తాను, ఎందుకంటే నాకు ఈ విషయం చిన్నప్పుడే అర్థమైంది, కంప్యూటర్ చూడకముందే.

మా నాన్న ధవళేశ్వరం లాకు దగ్గర తలుపులు నడిపే లస్కరు. కాలవలో పడవ వచ్చి కేకేస్తుంది. పడవవాడు కేకేసిన క్షణాన మా నాన్న తలుపు తీసేవాడు కాదు. తీస్తే ఏమవుతుంది? లోపల నీళ్ళు ఒక మట్టంలో, బయట ఇంకో మట్టంలో ఉంటాయి, పడవ తిరగబడుతుంది. "విన్నాను" అన్నట్టు చెయ్యెత్తేవాడు. తూము వదిలి, రెండు వైపులా నీళ్ళు సమానమయ్యాక, చెక్క మీద గీత చూసుకుని, అప్పుడు తలుపు తీసేవాడు. మూడు పడవలు కేకేసినా ఆయన చెయ్యి ఒక్కసారే లేచేది. తలుపు తీశాక మాత్రం ఎన్నున్నాయో చూసి అన్నిటినీ పంపేవాడు. నేను ఆ గట్టు మీద కూర్చుని ఎక్కాలు చదువుకున్నాను.

హ్యాండ్లర్ చెయ్యి ఎత్తాలి, అంతే. తలుపు తీసే పని దానిది కాదు.

అంటే ఏం చెయ్యాలి? హ్యాండ్లర్‌లోంచి వెయిట్‌పిడ్‌ని కూడా తీసెయ్. వోలటైల్ సిగ్ అటామిక్ రకం (సిగ్నల్ మధ్యలో వచ్చినా చెదరని) గుర్తు ఒకటి పెట్టుకుని, దాన్ని 1 చేసి తిరిగెళ్ళు. పిల్లల్ని ఏరుకునే పని, జాబుల లిస్టు మార్చే పని, తెర మీద రాసే పని మెయిన్‌లోనే, ఒక కమాండ్ అయ్యి ఇంకోటి మొదలయ్యే చోట చెయ్యి. ఇప్పుడు నీ మూడో సందు ఏమైందో చూడు. పిల్ల ఫోర్క్ అయిన మరుక్షణం చనిపోయినా సరే, జాంబీగా అక్కడే పడి ఉంటుంది. దాన్ని ఏరేది మెయిన్ ఒక్కటే, మెయిన్ ముందు నోడ్ చేర్చాకే ఆ పనికొస్తుంది. ఫోర్క్ చుట్టూ మాస్క్ అక్కర్లేదు. మాలక్ గొడవ లేదు. పెట్టాల్సిన కాపలా తగ్గిపోయింది, ఎందుకంటే కాపలా కాయాల్సిన వస్తువుని ఒక్కరే ముట్టుకుంటున్నారు.

ఫోర్‌గ్రౌండ్ జాబుకి ఇంకా సులువు. పాజూ వద్దు, సిగ్‌సస్పెండూ వద్దు. మెయిన్‌లో నేరుగా ఆ పిల్ల కోసం వెయిట్‌పిడ్ పిలిచి ఆగు. కంట్రోల్-జెడ్‌తో పిల్ల నిలిచిపోయినా తిరిగొచ్చేలా డబ్ల్యూఅన్‌ట్రేస్డ్ జెండా కలుపు. పిల్ల ముందే చనిపోయి ఉంటే వెయిట్‌పిడ్ వెంటనే తిరిగొస్తుంది, కెర్నెల్ దాన్ని మర్చిపోదు.

మిగిలేది ప్రాంప్ట్ దగ్గర, అంటే షెల్ కమాండ్ కోసం ఎదురుచూసే చోట. షెల్ రీడ్‌లో నిద్రపోతుంటే గుర్తుని ఎవరు చూస్తారు? చూసి రీడ్‌లోకి వెళ్ళే మధ్య మళ్ళీ అదే సందు. దానికి పాత ఉపాయం ఉంది. ఒక పైపు తెరిచి పెట్టుకో, హ్యాండ్లర్ అందులో ఒక్క బైట్ రాస్తుంది, మెయిన్ కీబోర్డునీ ఆ పైపునీ కలిపి పోల్‌లో (దేంట్లోనైనా ఏదైనా వచ్చేదాకా ఆగే పిలుపులో) చూస్తుంది. బైట్ ముందే పడి ఉంటే పోల్ నిద్రపోదు. పైపు రెండు చివరలూ నాన్‌బ్లాకింగ్‌గా పెట్టు. లినక్స్‌లో మామూలుగా పైపు 65,536 బైట్లు పడుతుంది, ఎవరూ తీయక అది నిండితే హ్యాండ్లరే రైట్‌లో ఇరుక్కుంటుంది. లినక్స్ ఒక్కదాని కోసమే రాస్తుంటే, సిగ్నళ్ళని ఫైల్లా చదవనిచ్చే సిగ్నల్‌ఎఫ్‌డీ ఉంది, 2.6.22 కెర్నెల్ నుంచీ. నేను మాత్రం పైపే వాడతాను, బీఎస్‌డీ అనే వేరే యూనిక్స్ సిస్టంల మీద కూడా నడుస్తుంది.

తణుకు_చెరుకు · సోమవారం ఉదయం 6:50

మాస్క్ గురించి ఒక హెచ్చరిక అండి. నేను పనిచేసిన ఒక చోట రాత్రి బ్యాకప్ నడిపించే సొంత లాంచర్ ఉండేది. అది ఫోర్క్‌కి ముందు సిగ్నళ్ళు ఆపేది, పేరెంట్‌లో వదిలేది, పిల్లలో వదలడం మర్చిపోయారు. ఎగ్జెక్ (పిల్ల కొత్త ప్రోగ్రాంగా మారడం) అయ్యాక హ్యాండ్లర్లు పోయి మామూలు స్థితికి వస్తాయి గాని, మాస్క్ అలాగే ఉంటుంది, "పట్టించుకోవద్దు" అని పెట్టిన సిగ్నళ్ళు కూడా అలాగే ఉంటాయి. బ్యాకప్ ప్రోగ్రాం లోపల దాని సొంత పిల్లలు చనిపోయినా దానికి కబురందేది కాదు. నెల రోజులు ఆ బ్యాకప్ ప్రోగ్రాంనే తిట్టుకున్నాం. దానిలో ఏ తప్పూ లేదు.

పట్టించింది ప్రాక్‌లోని (ప్రాసెస్‌ల వివరాలుండే ఫోల్డర్‌లోని) స్టేటస్ ఫైల్. అందులో, ఆపి ఉంచిన సిగ్నళ్ళని చూపే సిగ్‌బ్లాక్ అన్న వరసలో చివర 10000 అని ఉంది. అది పదహారు మీద లెక్క, అంటే పదిహేడో బిట్. ఎక్స్86 లినక్స్‌లో 17 అంటే సిగ్‌చైల్డ్. ఆ ఒక్క అంకె చూశాక మరమ్మతు ఐదు నిమిషాలు. పక్కనే సిగ్‌ఇగ్నోర్ (పట్టించుకోనివి), సిగ్‌కాట్ (హ్యాండ్లర్ ఉన్నవి) వరసలు కూడా ఉంటాయి. తమ్ముడూ, నీ షెల్ నుంచి ఏ పిల్లనైనా పంపి ఆ ఫైల్ చదివించు, మూడు వరసలూ శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకో.

షెల్ తన కోసం టెర్మినల్ నుంచి వచ్చే సిగ్నళ్ళు సిగింట్ (కంట్రోల్-సీ), సిగ్‌క్విట్, సిగ్‌టీఎస్‌టీపీ, సిగ్‌టీటిన్, సిగ్‌టీటూ మార్చుకుని ఉంటుంది కదా, పిల్లలో ఎగ్జెక్‌కి ముందు అవన్నీ మామూలు స్థితికి తేవాలి. పిల్లని దాని ప్రాసెస్ గుంపులో పెట్టే సెట్‌పీజీఐడీ పేరెంట్‌లోనూ పిల్లలోనూ రెండు చోట్లా పిలవాలి, ఎవరు ముందు పరుగెడతారో తెలియదు కాబట్టి.

పాలకొల్లు_పద్మ · సోమవారం ఉదయం 9:30

అందరికీ నమస్కారం. నేను షెల్ రాసేదాన్ని కాదు, రోజంతా షెల్‌లో స్క్రిప్టులు రాసేదాన్ని. ఈ చర్చ చదువుతుంటే నా పాత సమస్య ఒకటి గుర్తొచ్చింది. స్క్రిప్టులో సిగ్‌టర్మ్‌కి (ఆగిపొమ్మనే సిగ్నల్‌కి) ట్రాప్ పెట్టాను, తాత్కాలిక ఫైళ్ళు తుడవడానికి. స్క్రిప్టు స్లీప్ 600లో ఉండగా కిల్ పంపితే పది నిమిషాల దాకా ట్రాప్ నడవదు. సర్వర్ ఆపేటప్పుడు అంతసేపు ఎవరూ ఆగరు, కిల్ మైనస్ తొమ్మిది (సిగ్‌కిల్) పడుతుంది, ఫైళ్ళు అలాగే మిగులుతాయి. ఇది షెల్‌లో లోపమా?

కాకినాడ_పోర్ట్ · సోమవారం ఉదయం 9:52

లోపం కాదక్కా, ప్రమాణమే అలా ఉంది. ఫోర్‌గ్రౌండ్ కమాండ్ నడుస్తుండగా సిగ్నల్ వస్తే షెల్ గుర్తు పెట్టుకుంటుంది, కమాండ్ అయ్యాకే ట్రాప్ నడుపుతుంది. లాకు గారు చెప్పిన చెయ్యెత్తడమే ఇది. మీరు స్లీప్ 600ని చివర అండ్ గుర్తు (&) పెట్టి బ్యాక్‌గ్రౌండ్‌కి పంపండి, తరవాతి వరసలో వెయిట్ అనండి. వెయిట్ షెల్ సొంత కమాండ్. ట్రాప్ ఉన్న సిగ్నల్ రాగానే అది 128 కంటే పెద్ద స్థితితో వెంటనే తిరిగొస్తుంది, ట్రాప్ అప్పుడే నడుస్తుంది. ట్రాప్‌లో ఆ స్లీప్‌ని కూడా చంపండి, లేకపోతే అది అనాథగా పది నిమిషాలు తిరుగుతుంది.

ట్రాప్ ఎంత జాగ్రత్తగా రాసినా సిగ్‌కిల్‌ని మాత్రం ఎవరూ పట్టలేరు. కాబట్టి స్క్రిప్టు మొదలయ్యేటప్పుడే పాత ఫైళ్ళున్నాయేమో చూసి తుడిచేట్టు కూడా రాసుకోండి.

పాలకొల్లు_పద్మ · సోమవారం ఉదయం 11:05

పనిచేసింది. మూడేళ్ళుగా స్లీప్‌ని ఐదేసి సెకన్ల ముక్కలు చేసి లూపులో తిప్పుతున్నాను. ధన్యవాదాలు పోర్ట్ గారూ.

లంకకుర్రోడు · బుధవారం రాత్రి 10:15

మూడు రోజులు కూర్చుని తిరగరాశానండి. హ్యాండ్లర్ ఇప్పుడు నాలుగు వరసలు. ఎర్నో దాచడం, గుర్తు పెట్టడం, పైపులో ఒక బైట్, ఎర్నో తిరిగి పెట్టడం. సిగ్‌చైల్డ్‌కి ఎస్‌ఏ రీస్టార్ట్ (మధ్యలో ఆగిన పిలుపుని మళ్ళీ మొదలెట్టే) జెండా పెట్టాను, సిగింట్‌కి పెట్టలేదు. ప్రాంప్ట్ దగ్గర కంట్రోల్-సీ కొడితే పోల్ ఈఇంటర్‌తో (సిగ్నల్ అడ్డొచ్చిందనే ఎర్రర్‌తో) వచ్చి కొత్త వరస ఇస్తోంది.

సరిచేసే ముందు పాత తప్పుని కళ్ళారా చూడాలనిపించింది. పాత కోడ్‌లో ఫోర్క్‌కీ నోడ్ చేర్చడానికీ మధ్య కావాలనే ఒక సెకను నిద్ర పెట్టాను. ఏమీ చెయ్యకుండా వెంటనే ముగిసే ట్రూ అనే కమాండ్ కొట్టాను. మొదటిసారికే షెల్ బిగుసుకుపోయింది. రెండు నెలలకోసారి వచ్చేది నా బల్ల మీద, పిలిచినప్పుడల్లా వచ్చింది. కాలేజీలో పరీక్షించినప్పుడు ఈ ఒక్క సెకను పెట్టి ఉంటే తెలిసిపోయేది. అదే నిద్ర కొత్త కోడ్‌లో కూడా పెట్టి ట్రూని లూపులో వేసి భోజనానికి వెళ్ళాను, వచ్చేసరికి నడుస్తూనే ఉంది. తణుకు గారు చెప్పిన మూడు వరసలూ చూశాను. సిగ్‌బ్లాక్ అన్నీ సున్నాలే. సిగ్‌ఇగ్నోర్‌లో సిగ్‌టీటూ మిగిలిపోయింది, అది కూడా తీశాను.

గట్టు గారూ, ఏరేటర్ల దగ్గర రిలే బెల్లు బాబాయి నిన్న పెట్టించాడు.

ధవళేశ్వరం_లాకు · బుధవారం రాత్రి 10:48

సెకను నిద్ర పెట్టి తప్పుని రప్పించావు చూడు, నాకు అది అన్నిటికంటే నచ్చింది. ఆ పరీక్షని కోడ్‌తో పాటే దాచుకో, తీసెయ్యకు. ఒక్క మాట అడుగుతాను. ఇంటరాక్టివ్‌గా కాక స్క్రిప్టు నడుపుతున్నప్పుడు పిల్ల సిగింట్‌తో చనిపోతే నీ షెల్ ఏం చేస్తుంది?

లంకకుర్రోడు · బుధవారం రాత్రి 11:20

స్థితి 130 అని తీసుకుని తరవాతి వరసకి వెళ్ళిపోతోందండి. అంటే కంట్రోల్-సీ కొడితే ఒక కమాండ్ ఆగుతుంది, స్క్రిప్టు ఆగదు. ఆగాలి కదా?

ధవళేశ్వరం_లాకు · బుధవారం రాత్రి 11:34

ఆగాలి. వెయిట్‌పిడ్ ఇచ్చిన స్థితిలో "సిగ్నల్‌తో పోయింది, అది సిగింట్" అని ఉండి, షెల్‌కి కూడా సిగింట్ వచ్చి ఉంటే, సిగింట్‌ని మామూలు స్థితికి తెచ్చి తనకు తానే కిల్ పంపుకుని పోవాలి. ఊరికే ఎగ్జిట్ 130 అంటే చాలదు. పైనున్న షెల్‌కి నువ్వు సిగ్నల్‌తో పోయావని తెలియదు, అది ముందుకెళ్ళిపోతుంది. పిల్ల సిగింట్‌ని పట్టుకుని తన పని చూసుకుని మామూలుగా ఎగ్జిట్ అయితే మాత్రం స్క్రిప్టు సాగాలి. ఎడిటర్లు అలాగే చేస్తాయి.

లంకకుర్రోడు · శనివారం ఉదయం 5:40

అది కూడా రాశానండి. ఇప్పుడు చెరువు గట్టు మీద నుంచి పెడుతున్నాను.

3:10కి తాతా నేనూ షెడ్డుకి వచ్చాం. డీవో 4.6 చూపిస్తోంది. మీటర్ తీగ నా చేత్తోనే ఊడబీకాను. 3:11కి లాగులో "మీటర్ పలకలేదు" అని వరస పడింది. ఇంట్లో బాబాయి ఫోన్ మోగింది. లైటు వెయ్యడం మాకు ఇక్కడికి కనిపించింది. తీగ పెట్టాం, మళ్ళీ పీకాం, అలా ఐదుసార్లు. ఐదుసార్లూ మోగింది. ఆఖరిసారి బాబాయి ఫోన్ ఎత్తి "ఇంక చాల్రా, తెల్లారేదాకా ఉంచి ఇంటికి రా, మీ పిన్ని టీ పెట్టింది" అన్నాడు.

తీగని రేకుకి తగలకుండా క్లిప్పు వేసి గోడకి బిగించాను.

భీమవరం_గట్టు · శనివారం ఉదయం 6:05

4.6 అంటే ఈ వేళకి బాగానే ఉంది బాబూ. మేత ఈ పూట కాస్త తగ్గించమను, మబ్బుగా ఉంది.